క్షవరమయ్యాక వివరం

"ఉంచండి" అన్నాడు కుర్రాడు. "దించండి" అని వినబడింది సెలూన్ బాబాయ్‌కి.

అందులో బాబాయ్ తప్పేమీ లేదు. నెత్తిమీద ఫ్యాను కిర్రుమంటోంది, మూలన రేడియో ముక్కుతో పాడుతోంది, చేతిలో మిషను గుయ్యిమంటోంది. కుర్రాడి మెడకి చుట్టిన గుడ్డ గడ్డం దాటి పెదాల దాకా వచ్చింది. ఆ పైన అది పదహారేళ్ళ గొంతు. మగగొంతుగా స్థిరపడాలో వద్దో ఇంకా తేల్చుకోలేక మాట మధ్యలో రెండుగా చీలే రకం. చెవుల మీద జుట్టు ఉంచాలా, దించాలా? మాటకి ఒక్క అక్షరమే తేడా. అక్షరం జారితే మళ్ళీ పలకొచ్చు. జుట్టు జారితే ఎంత పిలిచినా పలకదు.

బాబాయ్‌కి అనుమానం రాకపోలేదు కూడా. చెయ్యి ఆపి ఎదుటి అద్దంలోకి చూశాడు. అద్దంలో వెనకాల బెంచీ, బెంచీ మీద కుర్రాడి నాన్న కనిపించాడు. బాబాయ్ సరేనన్నట్టు తలాడించి, మిషను కుడిచెవి పైన ఆనించి ఒక్క లాగు లాగాడు.

వేసవి సెలవులంతా అల్లారుముద్దుగా పెంచుకున్నది అలా ఒళ్ళో వచ్చి పడింది.

ఆ జుట్టు విలువ తెలియాలంటే ముందు ఆ చెవుల వైనం తెలియాలి. కొందరికి చెవులు తలని అంటిపెట్టుకుని ఉంటాయి. వీడి చెవులు తలతో తగాదా పడి విడికాపురం పెట్టినట్టుండేవి. బళ్ళో ఎవడో పుణ్యాత్ముడు "దొప్పచెవులోడు" అన్నాడు. అది పదిమంది నోళ్ళలో నాని నాని చివరికి "దొప్ప" దగ్గర ఆగింది. పేరులోంచి చెవులు ఊడిపోయాయి గానీ మొహానికున్నవి ఉన్నట్టే ఉన్నాయి. గట్టిగా గాలేస్తే "ఒరే దొప్పా, తలుపులు మూసుకోరా" అనేవారు. టీవీలో బొమ్మ సరిగ్గా రాకపోతే దొప్పని మేడమీద నిలబెట్టమనేవారు. అసలు పేరు హాజరు పిలిచే టీచర్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆ పేరుతో పిలిస్తే ఒక్కోసారి వాడే పలకడం మరిచిపోయేవాడు.

ఇప్పుడు బడి అయిపోయింది. ఊరి ఆ చివర కొత్త కాలేజీలో సీటు వచ్చింది. పాత తరగతివాళ్ళెవరూ అందులో చేరడం లేదని ఒక్కొక్కడి ఇంటికీ వెళ్ళి మరీ కనుక్కున్నాడు. వీడికి మనమీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని వాళ్ళు ఆశ్చర్యపోయారు. కాలేజీవాళ్ళు మెడలో వేసుకునే కార్డు కోసం ఫోటో అడిగారు. చదువు అయ్యేదాకా ఆ మొహమే మెడలో వేలాడుతుంది. అందులో చెవులు తేలకూడదు. మొదటిరోజు క్లాసులో కాలుపెట్టినప్పుడూ తేలకూడదు. దొప్ప అనే మాట ఆ కాలేజీ గుమ్మం తొక్కకూడదు. వాడు కోరుకున్నదల్లా ఇంతే.

ఇంట్లో అమ్మ ఒక్కతే సంగతి పసిగట్టింది. "ఈసారైనా నోరు తెరిచి చెప్పరా. బాబాయ్ క్షవరం చేసే మనిషి గానీ మనసు చదివే మంత్రగాడు కాదు" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

ఆ కుర్చీలో కూర్చుని నోరు తెరవడం చెప్పినంత తేలిక కాదు. ఆ సెలూన్లో ఒక పద్ధతి ఉంది. తల కుర్చీది, మాట బెంచీది. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి కూర్చోబెట్టే వయసు నుంచీ పిల్లవాడి తల గురించి చెప్పాల్సింది వెనక కూర్చున్న పెద్దవాళ్ళే. ఆ గోలలో గొంతు చించుకోలేక వాళ్ళు చేత్తో చెబుతారు, బాబాయ్ అద్దంలో చూసి అందుకుంటాడు. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పొట్టిగా కొట్టమని. అరచెయ్యి బోర్లిస్తే పైపైన తీయమని. చెవి మీదుగా వేలు పోనిస్తే చెవులు తేలాలని.

వీడి విషయంలో ప్రతిసారీ ఒకటే తంతు. బాబాయ్ అద్దంలోకి చూడటం, తలాడించడం, చెవులు తేల్చేయడం. గడ్డం గుండెకి ఆనించుకుని కూర్చున్నవాడికి వెనక నాన్న ఏం సైగ చేశాడో కనబడేది కాదు. లేచాక ఫలితం మాత్రం బాగా కనబడేది.

నాన్న ఎందుకలా చేయిస్తాడో వాడికి తెలుసు. తెలుసనే అనుకున్నాడు. నాన్న కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. ఫ్రేము వేడిచేసి, కాడలు వంచి, వచ్చినవాళ్ళ చెవులకి సరిపెట్టడం ఆయన పని. "కళ్ళజోడు కళ్ళమీద నిలబడుతుందనుకుంటారు లోకులు. నిలబడేది చెవుల మీదరా. మన కాపురం కూడా వాటిమీదే నిలబడింది" అని భోజనాల దగ్గర చెబుతుండేవాడు. ఆయనవీ అవే చెవులు. ఆ చెవుల మీద మమకారం కొద్దీ తన తలని షాపు ముందు బోర్డులా తయారుచేయిస్తున్నాడని కొడుకు లెక్క. ఆ లెక్కతోనే ఏళ్ళ తరబడి నాన్నతో ముక్తసరిగా మాట్లాడుతూ వచ్చాడు. నాన్న దాన్ని బుద్ధిమంతుడి లక్షణం అనుకున్నాడు.

ఈసారి ఒక్కణ్ణే వెళ్తానన్నాడు. "సెలూన్ పక్కనే కదరా స్టూడియో, ఫోటో దగ్గర నేనుండొద్దూ" అంటూ నాన్న చెప్పులేసుకున్నాడు.

ఇప్పుడు కుర్రాడు గుడ్డ కిందికి లాగి అద్దంలో చూసుకున్నాడు. ఎడమవైపు వేసవంతా పెంచిన జుట్టు దట్టంగా ఉంది. కుడివైపు చెవి తలారా స్నానం చేసి వచ్చినట్టు తెల్లగా నిలబడింది.

"ఉంచమన్నాను కదా" అన్నాడు. ఈసారి మాట ఫ్యానునీ రేడియోనీ దాటి వచ్చింది.

బాబాయ్ మిషను ఆపాడు. "దించమన్నావు కదా బాబూ."

"ఉంచమన్నాను."

"నాకూ దించమన్నట్టే వినబడింది" అన్నాడు గడ్డం గీయించుకుందామని బెంచీ చివర కూర్చున్న లారీ డ్రైవరు.

"నాకైతే వంచండి అని వినబడిందోయ్. తల వంచమంటున్నాడనుకున్నా" అన్నారు పక్కనున్న లెక్కల మాస్టారు. ఆయన తలమీద కత్తిరించడానికి పెద్దగా ఏమీ లేదు. పేపరు కోసం వస్తారు.

"తన తల తను వంచుకోవాలి గానీ బాబాయ్‌ని వంచమంటాడేంటి మాస్టారూ?"

"ఈ కాలం పిల్లలు అన్నీ మనచేతే చేయిస్తున్నారు కదయ్యా."

"ఉంచమన్నాడో వంచమన్నాడో గానీ మొత్తానికి బాబాయ్ ముంచాడు" అన్నాడు డ్రైవరు. ఇద్దరూ నవ్వారు.

కుర్రాడు నవ్వలేదు. అద్దంలో నాన్న వైపే చూస్తున్నాడు. "నేనేమన్నా ఒకటేలే. మీరు చూసింది నాన్న వైపు."

"అవును బాబూ, దాచడమెందుకు. అనుమానం వస్తే పెద్దవాళ్ళని అడగాలి కదా. అడిగాను. ఆయన చెప్పాడు."

నాన్న పేపరు దించాడు. "నేనా? నేనేం చెప్పానయ్యా?"

"చెవులు తేల్చమని."

"నేను నోరే తెరవలేదు. ఇక వాడి చెవులెక్కడ తెరిపిస్తాను?"

"నోటితో కాదు సార్, చేత్తో. మీరెప్పుడూ చేత్తోనే కదా చెబుతారు."

"ఎప్పుడూనా?" అంటూ నాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. కుడి చూపుడువేలు కణత దగ్గర మొదలై, కాడ వెంబడి చెవి మీదుగా పోయి, వెనక్కి దిగింది. ఎవరి చెవికైనా కాడ సరిపోయిందో లేదో రోజంతా అలా తడిమి చూసే వేలు. ఇంటికొచ్చాక, పని లేనప్పుడు, తన చెవినే తడుముకుంటుంది.

"అదిగో" అన్నాడు బాబాయ్. "ఇప్పుడు కూడా చెప్పారు."

బెంచీ మీది తలలన్నీ నాన్న వేలివైపు తిరిగాయి.

నాన్న వేలు చెవి వెనకే ఉండిపోయింది. దాన్ని తీసి, అది తనదేనా అన్నట్టు చూసుకున్నాడు. "ఇదా? ఇది కళ్ళజోడు సర్దుకోవడమయ్యా. అలవాటు."

"అలవాటా? చెక్క మీద కూర్చున్నప్పటి నుంచీ ఇదే సైగ కద సార్. నేను చూడటం, మీరు ఇలా అనడం. ఈయనకి కొడుకు చెవులంటే ఎంత ముచ్చటో అనుకునేవాణ్ణి."

"నువ్వే అలా కొడుతున్నావనుకున్నాను. పనివాడి చేతికి అడ్డం పడకూడదు కదా అని ఊరుకున్నాను. వాడు కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు. నచ్చిందేమోలే అనుకున్నా."

"నాకే నచ్చేది కాదు" అన్నాడు బాబాయ్. "ఆ చెవులకి పక్కల జుట్టు మందంగా ఉంచాలి. అలాగని పూర్తిగా కప్పకూడదు, కప్పితే తెర చాటునుంచి తొంగిచూసినట్టుంటాయి. సగం చెవి దాకా వదిలి, నెత్తిన ఎత్తు పెంచితే చూపు పైకి పోతుంది. మొహం కోలగా, బాగుంటుంది."

కుర్రాడు కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు బాబూ?"

డ్రైవరుకి నవ్వు పొంగుకొచ్చింది. మాస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, పేపరు ఊగుతోంది. బాబాయ్ దువ్వెన నోట్లో పెట్టుకుని భుజాలు కుదుపుతున్నాడు. చివరికి నాన్న కూడా నవ్వాడు. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, అలవాటుగా వేలు పోనిచ్చాడు. దాంతో నవ్వు రెట్టింపయింది.

కుర్రాడు మాత్రం తన లెక్క మళ్ళీ మొదటినుంచీ వేసుకున్నాడు. ఇన్నాళ్ళూ నాన్న పంతం పట్టి చేయిస్తున్నాడనుకున్నాడు. పంతానికైతే ఎదుటి మనిషి ఉండాలి. ఇందులో వాడు లేనే లేడు. ఒకాయన చెవి తడుముకున్నాడు, ఇంకొకాయన తల గొరిగాడు. ఇద్దరికీ ఇష్టం లేని క్షవరం వాడికి జరుగుతూ వచ్చింది. కోపం తెచ్చుకుందామంటే నిలబెట్టడానికి చోటు దొరకలేదు.

"బళ్ళో నన్ను దొప్ప అంటారు" అన్నాడు.

ఎందుకన్నాడో వాడికే తెలీదు. నవ్వు ఆగుతుందనుకున్నాడేమో. ఆగింది కూడా.

"దొప్పేంటిరా?" అన్నాడు నాన్న.

"దొప్పచెవులు."

నాన్న మొహంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. ఏదో అనబోయాడు. ఈలోగా డ్రైవరు "అంటే ఈ లెక్కన సార్ పెద్దదొప్ప" అనేశాడు. ఆగిన నవ్వు వడ్డీతో సహా వచ్చింది. నాన్న మొహంలో మిగిలిన సగం నవ్వు కూడా పూర్తయింది.

బాబాయ్ రేడియో కట్టేశాడు. ఫ్యాను కూడా ఆపాడు. గుడ్డని మెడ కిందికి జరిపి, కుర్చీ పక్కకి వచ్చి, వంగి అడిగాడు.

"ఇప్పుడు చెప్పు బాబూ. నీకేం కావాలి?"

ఆ కుర్చీలో వాణ్ణి ఆ మాట అడగడం అదే మొదటిసారి. బెంచీ అంతా వాడి నోటివైపే చూసింది. కుడివైపు చెవి అద్దంలోంచి వాణ్ణే చూస్తోంది.

"రెండోవైపు కూడా దించండి" అన్నాడు.

అందరికీ సరిగ్గానే వినబడింది.

గోడలకి చెవులుంటాయంటారు. ఆ గోడకైతే అవతలివైపు ఫోటోగ్రాఫరు చెవి ఆనించి ఉంది. "ఏంటి సార్ ఆ నవ్వులు?" అని స్టూడియో గుమ్మంలోనే అడిగాడు. నాన్న చెప్పాడు. చెబుతుంటే తనకే కొత్తగా నవ్వొచ్చింది. చెప్పడంలో ఒక ఒడుపు కూడా దొరికింది. బాబాయ్ "ఇప్పుడు కూడా చెప్పారు" అనే చోట కాస్త ఆగి, కళ్ళజోడు సర్దుకుంటే ఎదుటివాడు పడి పడి నవ్వుతాడని ఆ ఒక్కసారికే పట్టేశాడు. ఫోటోగ్రాఫరు నవ్వు ఆపుకుంటూనే కెమెరా నొక్కాడు. ఫోటోలో మొహం కంటే చెవులే ముందు వచ్చాయి.

ఇంటికి వెళ్ళాక నాన్న అమ్మకి కూడా చెప్పాడు. అమ్మ నవ్వింది, నవ్వి కొడుకు మొహం చూసి ఆపేసింది.

మర్నాడు కుర్రాడు షాపుకి వెళ్ళాడు. నాన్న ఒక ఫ్రేముని వేడి చేస్తూ కాడ వంపు చూస్తున్నాడు. షాపులో ఎవరూ లేరు.

"నాన్నా, ఈ సంగతి ఎవరికీ చెప్పకు. కాలేజీలో తెలిస్తే మళ్ళీ అదే పేరు పెడతారు."

నాన్న ఫ్రేము మీంచి తలెత్తకుండానే విన్నాడు. కాడని కొంచెం వంచాడు, వెలుతురుకి పట్టి చూశాడు. చెయ్యి ఖాళీ అవగానే వేలు తన చెవి మీదికి వెళ్ళి, వెనక్కి మెల్లగా జారింది.

అది సరేనన్నట్టే అనిపించింది కుర్రాడికి. తేలికపడి ఇంటికి వెళ్ళిపోయాడు.

కాలేజీ మొదలైంది. మెడలో కార్డుని తిరగేసి, ఫోటో చొక్కావైపు ఉండేలా వేసుకున్నాడు. మొదటిరోజు పక్కనున్నవాడు పేరడిగాడు. చెప్పాడు. వాడు ఆ పేరుతోనే పిలిచాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు పిలిచారు. సొంతపేరు కొత్త చొక్కాలా ఉంది, వేసుకున్నట్టే ఉంది గానీ ఇంకా ఒంటికి అంటలేదు. జుట్టు కాస్త పెరిగాక ఒక్కడే సెలూన్‌కి వెళ్ళాడు. బాబాయ్ వాణ్ణి చూడగానే రేడియో కట్టేశాడు. "పక్కల సగం చెవి దాకా ఉంచండి. పైన ఎత్తు పెంచండి" అని కుర్చీలోంచే చెప్పాడు. బాబాయ్ అద్దంలో బెంచీ వైపు చూడనే లేదు. కత్తిరించడం అయ్యాక వెనక చిన్న అద్దం పట్టి చూపించాడు. ఆయన చెప్పినట్టే చూపు పైకి పోయింది. మొహం కోలగా ఉంది. చెవులు తలతో రాజీపడి కాపురానికి వచ్చినట్టున్నాయి. కుర్రాడు అద్దంలో తనని తను కొంచెంసేపు, ఎవరూ చూడకుండా, ఇష్టపడ్డాడు.

ఆ ఇష్టం రెండు వారాలైనా నిలవలేదు.

ఒకరోజు వెనక బెంచీవాడు కొత్త కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. బాగుంది, ఎక్కడ చేయించావని చుట్టూ మూగారు.

"కళ్ళజోడు సంగతి వదిలెయ్ రా. ఆ షాపులో ఒకాయనున్నాడు. కాడ వంచుతూ ఒక కథ చెప్పాడు, నవ్వలేక చచ్చాను. వచ్చిన ప్రతివాడికీ చెబుతాడంట. ఆయన కథ కోసం చూపు బాగున్నవాళ్ళు కూడా వస్తున్నారంట."

వాడు మొదలుపెట్టాడు. ఉంచండి, దించండి, అద్దం, వేలు. "ఇప్పుడు కూడా చెప్పారు" అనే చోట ఆగి, కొత్త కళ్ళజోడు సర్దుకున్నాడు. నాన్న ఎక్కడ ఆగుతాడో సరిగ్గా అక్కడే ఆగాడు. క్లాసు గొల్లుమంది.

కుర్రాడు పుస్తకంలోకి తల దించుకున్నాడు. ఇది ఎవరి కథైనా కావొచ్చు. ఊళ్ళో చెవులు చాలామందికి ఉన్నాయి.

"ఇంకా ఉందిరా" అన్నాడు కళ్ళజోడువాడు. "అసలు ముక్క ఇదీ. పాపం ఆ కొడుకుని బళ్ళో దొప్ప అనేవాళ్ళంట. ఇప్పుడు మన కాలేజీలోనే చదువుతున్నాడంట. ఆయనకి ఎంత గర్వమో, కాలేజీ పేరు రెండుసార్లు చెప్పాడు."

తలలు అటూ ఇటూ తిరిగాయి. ఒక్కొక్క తలకీ ఉన్న రెండేసి చెవులని లెక్కగట్టుకుంటూ చూపులు బెంచీ బెంచీకీ నడిచాయి. కుర్రాడి జుట్టు దగ్గర ఆగలేదు, దాటిపోయాయి. బాబాయ్ చేతి పనితనం అంత గట్టిది. అప్పుడు పక్కనున్నవాడు, మొదటిరోజు పేరుతో పిలిచినవాడే, "నీ కార్డెప్పుడూ తిరగబడే ఉంటుందేంట్రా" అంటూ సరదాగా చెయ్యి చాపి దాన్ని తిప్పాడు.

ఫోటోలో మొహం కంటే చెవులే ముందు వచ్చాయి.

లెక్చరరు లోపలికి వచ్చేసరికి క్లాసు నిలువునా ఊగుతోంది. ఆయన పుస్తకాలు బల్లమీద పెట్టి, "ఏంటా గోల? నాక్కూడా చెబితే నేనూ నవ్వుతాను కదా" అన్నాడు. అందరి మొహాలూ ఒకేవైపు తిరిగి ఉండటంతో ఆయన కూడా అటే చూశాడు. "నువ్వు లే. నువ్వు చెప్పు."

కుర్రాడు లేచాడు. గొంతు చీలుతుందేమో అనుకున్నాడు గానీ చీలలేదు. ఈమధ్యే ఎప్పుడో అది మగగొంతుగా స్థిరపడిపోయినట్టుంది, వాడే చూసుకోలేదు.

"నేను ఉంచండి అన్నాను సార్. సెలూన్ బాబాయ్‌కి దించండి అని వినబడింది. అనుమానమొచ్చి అద్దంలో మా నాన్న వైపు చూశాడు. మా నాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. చెవులు తేల్చమన్నాడనుకుని ఆయన తేల్చేశాడు. చిన్నప్పటి నుంచీ అలాగే జరిగింది సార్. నాన్న ఆయన ఇష్టమనుకున్నాడు, ఆయన నాన్న ఇష్టమనుకున్నాడు. బళ్ళో నన్ను దొప్ప అనేవారు. ఇదంతా ఎవరికీ చెప్పొద్దని నేను మా నాన్నని అడిగాను."

"మరి?" అన్నాడు లెక్చరరు.

కుర్రాడు కళ్ళజోడు లేని చెవి మీదుగా వేలు పోనిచ్చి, వెనక్కి దించి చూపించాడు.

"ఇలా అన్నాడు సార్. సరే అన్నాడనుకున్నాను."

అన్నిటికంటే ఎక్కువ దానికే నవ్వారు.